విశ్లేషణ: నేపాల్‌లో సర్దుకున్న విభేదం ఇక్కడ ద్రోహంగా ఎందుకు మారింది?

సాకేత్ (న్యూఢిల్లీ): 2025 అక్టోబర్ 15న మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ ఎదుట మల్లోజుల వేణుగోపాలరావు ఆయుధం అప్పగించారు. ఆయన వెంట మరో 60 మంది ఉన్నారు. వారు అప్పగించిన ఆయుధాలు 54. పెద్దపల్లిలో పుట్టి, నాలుగు దశాబ్దాలకు పైగా అజ్ఞాతంలో గడిపి, సోనూ, భూపతి, అభయ్ అనే పేర్లతో మావోయిస్టు పార్టీ పొలిట్‌బ్యూరో వరకు ఎదిగిన నాయకుడాయన. రెండు రోజుల తరువాత జగదల్‌పూర్‌లో మరో అగ్రనేత తక్కళ్లపల్లి వాసుదేవరావు అలియాస్ ఆశన్న సహా 210 మంది అదే బాట పట్టారు. పోలీసు శాఖ దృష్టిలో ఇది అపూర్వ విజయం. పార్టీ ప్రకటనల భాషలో ఇది విప్లవ ద్రోహం. నిన్నటి వరకు పార్టీ గొంతుగా వ్యవహరించిన వ్యక్తి కొద్ది వారాల వ్యవధిలోనే ద్రోహిగా ఎలా మారారన్న ప్రశ్నకు మాత్రం ఈ రెండు వర్ణనల్లోనూ సమాధానం లేదు.

జరిగిన క్రమాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2025 మే 21న అబూజ్‌మడ్ అడవుల్లో ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అలియాస్ బసవరాజు భద్రతా దళాల చేతిలో హతమయ్యారు. మావోయిస్టు పార్టీ ఆవిర్భవించిన తరువాత ఆ స్థాయి నేత ఎదురుకాల్పుల్లో మరణించడం అదే ప్రథమం. ఆ దెబ్బ నుంచి పార్టీ తేరుకోకముందే, ఆగస్టు 15 తేదీతో అభయ్ పేరిట ఉన్న ఒక ప్రకటన సెప్టెంబర్ మధ్యలో వెలుగు చూసింది. సాయుధ పోరాటాన్ని తాత్కాలికంగా నిలిపివేస్తామని, ఒక నెలపాటు కాల్పుల విరమణ పాటిస్తే సహచరులతో సంప్రదిస్తామని, కేంద్ర హోంమంత్రితోగాని ఆయన నియమించిన వారితోగాని మాట్లాడేందుకు సిద్ధమని అందులో ఉంది. ఇది కొత్త ఆలోచన కాదని, మరణించిన ప్రధాన కార్యదర్శి ప్రారంభించిన శాంతి ప్రయత్నానికి కొనసాగింపేనని కూడా అందులో పేర్కొన్నారు.

పార్టీ తెలంగాణ కమిటీ ప్రతినిధి జగన్ వెంటనే స్పందించారు. అది వ్యక్తిగత అభిప్రాయమే తప్ప పార్టీ నిర్ణయం కాదన్నారు. ఆ తరువాత వచ్చిన కేంద్ర కమిటీ, దండకారణ్య కమిటీ ప్రకటనల స్వరం మరింత తీవ్రం. ఆయుధాలు పార్టీవని, సోనూ బృందం వాటిని తిరిగి అప్పగించాలని హెచ్చరించాయి. అటు ఉత్తర బస్తర్, మాడ్, గడ్చిరోలి ప్రాంతాల శ్రేణుల్లో గణనీయ భాగం సోనూ వైపు మొగ్గింది. పార్టీ పగ్గాలు తిప్పిరి తిరుపతి అలియాస్ దేవ్‌జీ చేతికి వచ్చాయన్న వార్తలు అదే సమయంలో వెలువడటంతో, పత్రికలు ఈ పరిణామాన్ని ఇద్దరు నేతల వైరంగా చిత్రించాయి. ఒకరిది పెద్దపల్లి, మరొకరిది కోరుట్ల. రెండూ ఒకనాటి కరీంనగర్ జిల్లా పరిధిలోనివే. కథనానికి కావలసిన దినుసులన్నీ సమకూరాయి. అయితే బయటికి వచ్చిన పత్రాలను శ్రద్ధగా చదివితే అందులో కనిపించేది పదవి కోసం పోటీ కాదు, పంథాపై భేదం. పాతికేళ్ల క్రితమైనా, నలభై ఏళ్ల క్రితమైనా, తెలుగు విప్లవోద్యమంలో పంథాపై భేదం వచ్చిన ప్రతిసారీ అది ఇద్దరు మనుషుల మధ్య తెగిన బంధంగానే ముగిసింది. ఇందుకు అత్యంత స్పష్టమైన ఉదాహరణ పీపుల్స్‌వార్ తొలినాళ్లలోనే ఉంది.

కొండపల్లి సీతారామయ్య, కె.జి. సత్యమూర్తి ఇద్దరూ కృష్ణా జిల్లావారే. ఇద్దరూ ఉమ్మడి కమ్యూనిస్టు పార్టీ నీడలో ఎదిగినవారే. వరంగల్‌లోని సెయింట్ గాబ్రియేల్ పాఠశాలలో ఒకరు హిందీ, మరొకరు ఇంగ్లిష్ బోధించారు. విద్యార్థులను ఆకట్టుకోవడంలో ఇద్దరూ సిద్ధహస్తులు. ఆ పాఠశాల ఆవరణ నుంచి, ఆ పట్టణంలోని కళాశాలల నుంచి ఒక తరం అడవి బాట పట్టడం వెనుక ఈ ఇద్దరి పాత్ర ఎంతో ఉంది. సీతారామయ్యది నిర్మాణ దక్షత, సత్యమూర్తిది వాక్కు. శివసాగర్ పేరుతో ఆయన రాసిన కవిత్వం పార్టీతో ఏ సంబంధమూ లేనివారి నోళ్లలో సైతం నానింది. 1980 ఏప్రిల్ 22న పీపుల్స్‌వార్ ఆవిర్భవించే నాటికి ఈ జంటను విడదీసి చూడటం శ్రేణులకు అసాధ్యం.

1982 జనవరిలో బేగంపేట రైల్వేస్టేషన్ వద్ద సీతారామయ్యను పోలీసులు అరెస్టు చేశారు. ఆయన జైలులో ఉన్న కాలంలో పార్టీ బాధ్యత సత్యమూర్తి భుజాలపై పడింది. 1984 జనవరి 4న చికిత్స పొందుతున్న ఉస్మానియా ఆసుపత్రి నుంచి సీతారామయ్యను పార్టీ దళం తప్పించింది. ఉద్యమ చరిత్రలో ఆ సంఘటనను సాహసగాథగా చెప్పుకుంటారు. అయితే దాని తరువాతి అధ్యాయం అంతగా ప్రచారంలోకి రాలేదు. రెండేళ్లపాటు పార్టీని నడిపిన వ్యక్తి, తిరిగి వచ్చిన పాత నాయకుడు ఒకే కమిటీలో కూర్చోవలసి వచ్చింది. ఏ సంస్థలోనైనా ఇది ఇబ్బందికరమైన పరిస్థితే. రహస్య సంస్థలో మరింత ప్రమాదకరం. ఎందుకంటే అక్కడ ఎవరు ఎవరిని ఎప్పుడు కలిశారన్నది కూడా అనుమానానికి తావిస్తుంది.

దీనికి కులం ప్రశ్న తోడైంది. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులపై జరిగిన మారణకాండ రాష్ట్రాన్ని కుదిపివేసింది. వర్గపోరాటం గెలిస్తే కులం దానంతట అదే పోతుందన్న పాత సూత్రం ఆ తరువాత దళిత యువతను సంతృప్తిపరచలేకపోయింది. దళిత కుటుంబంలో పుట్టిన సత్యమూర్తి ఈ ప్రశ్నను పార్టీ బయట మాత్రమే కాదు, పార్టీ లోపల కూడా లేవనెత్తారు. నాయకత్వంలో ఎవరున్నారు, కింది స్థాయిలో పని ఎవరు చేస్తున్నారు అన్నది ఆయన అడిగిన ప్రశ్నల సారాంశం. నాయకత్వం దీనిని సిద్ధాంత చర్చగా కాక క్రమశిక్షణ అంశంగా పరిగణించింది. 1987లో సత్యమూర్తి పార్టీకి దూరమయ్యారు. కారణాలపై ఇరువర్గాల వాదనలు నేటికీ కలవవు. పాతికేళ్ల సహవాసం అక్కడితో తెగిపోయిందన్నది మాత్రం నిర్వివాదం. ఆ తరువాత ఆయన దళిత, బహుజన రాజకీయాలలో తన దారి వెతుక్కున్నారు. 2012 ఏప్రిల్ 17న మరణించారు. ఆయన అడిగిన ప్రశ్నను ఆ తరువాతి కాలంలో విప్లవ పార్టీలన్నీ ఏదో ఒక రూపంలో తమ పత్రాలలోకి తీసుకోవలసి వచ్చింది. ప్రశ్నకు స్థానం దక్కింది గాని అడిగిన మనిషికి దక్కలేదు.

సీతారామయ్య వంతు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. నాలుగేళ్లు తిరగకముందే, 1991లో, ఆయన నిర్మించిన పార్టీయే ఆయనను బహిష్కరించింది. ఆయన స్థానంలోకి వచ్చిన ముప్పాళ్ల లక్ష్మణరావు అలియాస్ గణపతి కూడా జగిత్యాల ప్రాంతానికి చెందిన మాజీ ఉపాధ్యాయుడే. (బడిలో ప్రశ్నించడం నేర్పిన పంతుళ్లు పార్టీలో ప్రశ్నను సహించలేకపోవడం ఈ చరిత్రలోని ఒక వింత.) వార్ధక్యం, అనారోగ్యం, నిర్ణయాలు ఒంటరిగా తీసుకుంటున్నారన్న ఆరోపణ, వీటన్నింటి మధ్య పంథాపై అసలు చర్చ ఎక్కడో మరుగున పడింది. 1993లో సీతారామయ్య మరోసారి అరెస్టయ్యారు. ఈసారి ఆయనను తప్పించడానికి ఏ దళమూ రాలేదు. ఆరోగ్యం క్షీణించి విడుదలైన ఆయన 2002 ఏప్రిల్ 12న విజయవాడలో కన్నుమూశారు. అంతకుముందు తరంలో తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి 1970ల ఆరంభంలో విడిపోయిన తీరు కూడా ఇందుకు భిన్నమైనది కాదు. సాయుధ చర్య ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్న ఇద్దరు అనుభవజ్ఞులను రెండు పార్టీలకు నాయకులుగా మార్చింది.

విప్లవకారుల మధ్య భేదం వస్తే చీలిక తప్ప మార్గాంతరం లేదా? ఈ ప్రశ్నకు భిన్నమైన జవాబు ఇరవై ఏళ్ల క్రితం దేశ రాజధాని పరిసరాల్లోనే రూపుదిద్దుకుంది. దక్షిణ ఢిల్లీలోని సాకేత్ నుంచి కాళిందీ కుంజ్ మీదుగా యమున దాటితే నోయిడా వస్తుంది. నేపాల్ మావోయిస్టు అధినేత పుష్పకమల్ దహాల్, అంటే ప్రచండ, అజ్ఞాతవాసంలో కొంతకాలం అక్కడి ఇరుకు గదుల్లో గడిపిన సంగతి ఇప్పుడు రహస్యం కాదు. ఆయన సహచరుడు బాబూరామ్ భట్టరాయ్‌కి ఢిల్లీ మరింత పరిచితం. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన మేధావి ఆయన. 1996 ఫిబ్రవరిలో నాటి ప్రధాని షేర్ బహదూర్ దేవ్‌బాకు 40 డిమాండ్ల పత్రం సమర్పించింది ఆయనే. ఆ వెంటనే మొదలైన యుద్ధానికి సేనాని మాత్రం ప్రచండ. సీతారామయ్య, సత్యమూర్తి జంటలో కనిపించే నిర్మాణ దక్షత, వాక్కు అనే విభజన ఇక్కడా కనిపిస్తుంది.

2005 ఆరంభానికి ఈ ఇద్దరి మధ్య సంబంధాలు పూర్తిగా చెడిపోయాయి. పార్టీ, సైన్యం, ప్రభుత్వం అనే మూడు అధికారాలనూ ఒకే వ్యక్తి చేతిలో పెట్టడం తగదని భట్టరాయ్ లిఖితపూర్వకంగా అసమ్మతి తెలిపారు. ప్రధాన శత్రువు రాజు కాబట్టి పార్లమెంటరీ పార్టీలతో చేతులు కలపాలన్నది ఆయన మరో వాదన. ఫలితంగా భట్టరాయ్‌ని, ఆయన భార్య హిసిలా యమిని పార్టీ పదవుల నుంచి తొలగించి, సొంత సైన్యం కాపలాలోనే నిర్బంధించారు. అప్పటికి అది పీపుల్స్‌వార్ 1987 నాటి కథకు నేపాలీ అనువాదంలాగే ఉంది.

అయితే కథ అక్కడ మలుపు తిరిగింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర ప్రభుత్వాన్ని రద్దు చేసి అధికారాన్ని హస్తగతం చేసుకున్నారు. పార్లమెంటరీ పార్టీల నేతలు గృహనిర్బంధంలోకి వెళ్లారు. ఏప్రిల్‌లో ఖారా సైనిక స్థావరంపై మావోయిస్టుల దాడి విఫలమైంది. సైనిక విజయం అందనంత దూరంలో ఉందని ప్రచండకు అర్థమైన క్షణమది. జూలైలో భట్టరాయ్ దంపతులను తిరిగి పదవుల్లోకి తీసుకున్నారు. ఆ శరత్కాలంలో రుకుం జిల్లా చున్‌బాంగ్‌లో జరిగిన సమావేశం, భట్టరాయ్ అంతకుముందు నుంచి చెబుతున్న ప్రజాస్వామిక గణతంత్ర పంథాను ఆమోదించింది. 2005 నవంబర్ 22న ఏడు పార్టీల కూటమితో 12 అంశాల అవగాహన కుదిరింది. దానికి వేదిక న్యూఢిల్లీ. సరిగ్గా ఏడాదికి, 2006 నవంబర్ 21న, సమగ్ర శాంతి ఒప్పందం కుదిరి దశాబ్దకాలపు యుద్ధం ముగిసింది. 2008లో ప్రచండ, 2011లో భట్టరాయ్ ప్రధానమంత్రులయ్యారు.

ఇందులో వారి ఔదార్యాన్ని అతిగా చూడనవసరం లేదు. ప్రచండ మనసు మారి కాదు, లెక్క మారి భట్టరాయ్‌ని వెనక్కి పిలిచారు. 2015లో భట్టరాయ్ పార్టీ వీడారు. ఆ స్నేహం మళ్లీ ఎన్నడూ పూర్వస్థితికి రాలేదు. గమనించవలసింది వేరే ఉంది. వారి విభేదం తీవ్రస్థాయికి చేరిన సమయానికి దానికి ఒక రాజకీయ గమ్యం అందుబాటులోకి వచ్చింది. చర్చలు జరపడానికి అవతలి పక్షాన ఏడు పార్టీలున్నాయి. వారికీ మావోయిస్టులతో అవసరం ఉంది. భిన్నాభిప్రాయం చెప్పిన నాయకుడి మాట నిజమో కాదో పరీక్షించడానికి ఒక వేదిక ఏర్పడింది. సమావేశం జరుపుకోవడానికి కొండల్లో తమ అదుపులోని ప్రాంతం ఉంది. మధ్యవర్తిత్వానికి పొరుగు దేశ రాజధాని ఉంది.

భారత మావోయిస్టు నాయకత్వం అప్పట్లో ఈ పరిణామాన్ని పతనంగానే చూసింది. 2009లో నేపాల్ పార్టీకి బహిరంగ లేఖ రాసి, పార్లమెంటరీ మార్గం పట్టడాన్ని తప్పుపట్టింది. సిద్ధాంతపరంగా ఆ విమర్శలో కొంత పస ఉండవచ్చు. అధికారంలోకి వచ్చిన నేపాల్ మావోయిస్టులు సామాన్యుల ఆశలను ఏ మేరకు నెరవేర్చారన్నది నేపాల్ ప్రజలే పలుమార్లు తీర్పు చెప్పిన విషయం. కానీ ఆ లేఖ రాసిన నాటి నుంచి ఇక్కడి పార్టీ సాధించినదేమిటన్న ప్రశ్న కూడా అంతే న్యాయమైనది. సోనూ అడిగింది దాదాపు ఇదే. ఆయన అడిగిన సమయం ఆలస్యమైందన్న విమర్శలో నిజముంది. దశాబ్దాలపాటు పార్టీ చర్యలను సమర్థిస్తూ ప్రకటనలు ఇచ్చిన నాయకుడు, పార్టీ బలంగా ఉన్నప్పుడు ఈ ప్రశ్న వేసి ఉంటే దాని విలువ వేరుగా ఉండేది. ఇన్‌ఫార్మర్ల పేరుతో ఆదివాసీలను హతమార్చిన కాలంలో ఆ ప్రశ్న వినిపించలేదు.

ఇక రెండో వైపు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో మావోయిస్టు ప్రతినిధులు చర్చలకు కూర్చోవడమే, తెలుగు నేలపై పంథా చర్చకు బహిరంగ వేదిక లభించిన ఏకైక సందర్భం. అక్కిరాజు హరగోపాల్ అలియాస్ ఆర్కే నాయకత్వంలో వచ్చిన బృందాన్ని చూడటానికి జనం తండోపతండాలుగా తరలివచ్చారు. ఆయుధాలతో తిరగడంపై, భూ పంపిణీపై ప్రతిష్టంభన ఏర్పడి, 2005 జనవరి నాటికి ఆ ప్రక్రియ కుప్పకూలింది. ఢిల్లీలో నేపాలీలు ఒప్పందానికి వచ్చిన అదే సంవత్సరంలో నల్లమలలో ఎదురుకాల్పులు పునఃప్రారంభమయ్యాయి. చర్చల్లో తుపాకుల అంశాన్ని ముందు తేల్చాలా, రాజకీయ అంశాన్ని ముందు తేల్చాలా అన్న చిక్కుముడిని రెండు పక్షాలూ విప్పలేకపోయాయి.

ఇరవై ఏళ్ల తరువాత కేంద్రం ఆ చిక్కుముడిని విప్పే ప్రయత్నం చేయలేదు, తెంచివేసింది. 2025 సెప్టెంబర్ 28న ఢిల్లీలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా, కాల్పుల విరమణ ప్రసక్తే లేదని, లొంగిపోవాలనుకునేవారికి స్వాగతమని ప్రకటించారు. 2026 మార్చి 31ని నక్సలిజం అంతానికి గడువుగా ఆయన అంతకుముందే నిర్దేశించారు. భద్రతాపరంగా ఈ వైఖరి ఫలించిందనడానికి గడ్చిరోలి, జగదల్‌పూర్ నిదర్శనాలు. నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో మాడ్వీ హిడ్మా హతం కావడం దానికి మరో ముఖం. అయితే దీని పర్యవసానం ఒకటుంది. పార్టీ లోపల భిన్నంగా ఆలోచించే నాయకుడికి పార్టీ చూపేది బహిష్కరణ. ప్రభుత్వం చూపేది లొంగుబాటు. భట్టరాయ్‌కి దొరికిన మూడో చోటు సోనూకు దొరకలేదు. ఆయన ఆయుధం అప్పగించిన మరుక్షణం, పంథాపై ఆయన లేవనెత్తిన వాదన పార్టీ శ్రేణుల దృష్టిలో పోలీసు పత్రంగా మారిపోయింది. అడవిలో మిగిలినవారు ఆ వాదనను దాని మంచిచెడులపై తూచే అవకాశం అక్కడితో మూసుకుపోయింది.

బస్తర్‌లో ఈ వ్యవహారం ఇప్పటికీ తేలని లెక్క. దశాబ్దాలపాటు జనతన సర్కార్ పేరుతో పార్టీ నడిపిన గ్రామ కమిటీలలో పనిచేసిన ఆదివాసీలు ఏ పత్రంపైనా సంతకం చేయలేదు. నేపాల్ ఒప్పందంలో మావోయిస్టు సైనికుల శిబిరాల గురించి, వారి పునరావాసం గురించి, భూమి గురించి నిబంధనలు రాసుకున్నారు. అమలులో లోపాలున్నా, నిలదీయడానికి ఒక కాగితమైనా ఉంది. లొంగుబాటు విధానంలో వ్యక్తికి పారితోషికం ఉంటుంది, పునరావాసం ఉంటుంది. అటవీ హక్కులపైగాని, గనులపైగాని, గ్రామసభ అధికారంపైగాని ఒక్క వాక్యం ఉండదు. తెలుగు నాయకులు ఏ పంథా సరైనదని వాదించుకున్నారో ఆ పంథా కింద పుట్టి పెరిగిన గోండు, కోయ యువతకు ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఈ నాయకుల సంబంధాలు ఎలా తెగాయో తెలుసుకోవాలంటే పార్టీ పత్రాలు అంతగా ఉపకరించవు. వాటిలో ఓడిన పక్షానికి పేరు కూడా సరిగా ఉండదు. ఆ లోపలి వాతావరణాన్ని అక్షరబద్ధం చేసింది ప్రధానంగా స్త్రీలు. సత్యమూర్తి జీవితాన్ని ఆయన మేనకోడలు, న్యూయార్క్‌లో స్థిరపడిన సుజాత గిడ్ల 2017లో వెలువడిన తన ఆంగ్ల గ్రంథం ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’లో రాశారు. సొంత పార్టీ నిర్బంధంలో గడిపిన హిసిలా యమి తన అనుభవాలను 2021లో పుస్తకంగా వెలువరించారు. సీతారామయ్య విడిచి వెళ్లిన భార్య కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై ఏళ్లు దాటిన వయసులో, 2012లో, ‘నిర్జన వారధి’ ప్రచురించారు. నూరేళ్లు నిండిన తరువాత, 2018 సెప్టెంబర్‌లో, విశాఖపట్నంలో ఆమె కన్నుమూశారు. సోనూ భార్య విమలా సిడాం అలియాస్ తారక్క గడ్చిరోలిలో అదే ముఖ్యమంత్రి ఎదుట ఆయుధం అప్పగించింది 2025 జనవరి 1న, భర్త కంటే తొమ్మిది నెలల ముందు.